విద్యా సహవాసము: కళాశాలలో కూడి చదువుట

పదవతరగతి పరీక్షలు ముగిసిన మఱునాటినుండి సికింద్రాబాదులోని ప్రతి యింటను వినవచ్చు ప్రశ్న యొక్కటే: "ఏ గ్రూపు తీసికొందువు?" ఎం.పి.సి. యనియు, బై.పి.సి. యనియు, సి.ఇ.సి. యనియు బిడ్డలు బదులు చెప్పుదురు. గ్రూపనగా గుంపు. కాని యా మాటను మనవారు మనుష్యుల గుంపునకు గాక విషయముల గుంపునకు వాడుచున్నారు. ఆ విషయములైనను నిజముగా నొక గుంపై యున్నవా యని విచారింపగా, లేవనియే చెప్పవలసి వచ్చును. మన స్టేషనులో నాగిన రైలుపెట్టెలో ప్రక్కప్రక్కన కూర్చున్న ప్రయాణికులవలె గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము నున్నవి. ఎవరి టిక్కెట్టు వారిది. ఎవరు దిగవలసిన యూరు వారిది. ఒకరి నొకరు పలుకరించుకొనరు. వానిని చదివెడి విద్యార్థులును పలుమాఱు లట్లే యుందురు.

ఈ వ్యాసమున మేము వివరింపదలచినది దీనికి భిన్నమైన యొక పద్ధతిని. దాని స్వరూప మిది. కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులలో ఇరువది, ఇరువదియైదుగురిని ఒక జట్టుగా చేర్తురు. ఆ జట్టువారందఱును ఒక సెమిస్టరునందు రెండు మూడు కోర్సులను కలిసియే చదువుదురు. ఆ కోర్సులు వేఱువేఱు శాస్త్రములకు చెందినవైనను, వాని నన్నిటిని ఒక్క విషయము దారమువలె గ్రుచ్చి యుంచును. బోధించు నుపాధ్యాయులు ముందుగానే కూర్చుండి, ఏ వారమున నెవరు ఏది చెప్పవలెనో, ఏ వ్యాసమును ఇద్దఱును కలిసి దిద్దవలెనో నిశ్చయించుకొందురు. అమెరికాలో దీనిని లెర్నింగ్ కమ్యూనిటీ యందురు. అభ్యసన సమాజమని నిఘంటువు ననుసరించి యనువదింపవచ్చును గాని, యా మాట చెవి కింపుగా లేదు. మన సంఘములలో తరతరములుగా వాడుకలోనున్న సహవాసమను మాట దీనికి చక్కగా నతుకునని మా యభిప్రాయము. ఒకచోట కూర్చుండుట మాత్రమే సహవాసము కాదు; ఒకదానియందు అందఱును పాలుపొందుట సహవాసము.

ఇట్టి యేర్పాటు ఎవరికి కావలెను? తల్లిదండ్రు లిరువురును పట్టభద్రులైన యింటి బిడ్డ కళాశాలలో చిక్కుపడినచో, సాయంకాలము ఇంటికి వచ్చి యడుగును. అట్టి బిడ్డకు సహవాసము లేకున్నను గడచును. మన పాఠశాల పిల్లలలో ననేకులు తమ యింట కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. ఇచ్చట ప్రతి యుపాధ్యాయునికిని వారి పేరు తెలియును, తండ్రి పేరు తెలియును, ఏ బస్తీనుండి వచ్చుచున్నారో తెలియును. పోయిన యాదివారము మందిరమునకు ఎందుకు రాలేదో కూడ తెలియును. ఇట్లు పదియేండ్లు పెరిగిన బిడ్డ ఒక్కసారిగా నూఱుమంది గల తరగతిలో చివరి బల్లమీద కూర్చుండును. అట్టివారు సెలవులలో మమ్ము చూడవచ్చి చెప్పు మాట యొకటి కలదు: "సార్, అక్కడ మా పేరు ఎవరికీ తెలియదు."

ఇంగ్లీషున చెప్పిన పాఠము బోధపడకపోవుట కష్టమే. కాని బోధపడలేదని యెవరితో చెప్పుకొనవలెనో తెలియకపోవుట అంతకంటె పెద్ద కష్టము. మొదట ఒక పీరియడు మానుదురు. తరువాత ఒక పూట. ఎవరును అడుగరు. ఎవరును అడుగనందున మఱి రెండు దినములు మానుదురు. హాజరు చాలదన్న ప్రకటన గోడమీద అంటించు నాటికి వారు ఏదో దుకాణములోనో, బండిమీద సరకు లందించు పనిలోనో కుదురుకొని యుందురు. తెలివి చాలక చదువు మానినవారికంటె తోడు లేక మానినవారే యెక్కువమంది యని మేము చూచినంతలో మాకు తోచుచున్నది.

పద్ధతిని వట్టిమాటలతో చెప్పుటకంటె నొక యుదాహరణముతో చెప్పిన తేటపడును. దానికై దూరదేశములకు పోనక్కఱలేదు. మలేరియాను తీసికొందము.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి యుండెను. హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిని దోమలచే కుట్టించి, దోమకొక అణా చొప్పున నతనికి చెల్లించి, ఆ దోమలను కొన్ని దినము లుంచి, కోసి పరీక్షించుట ఆయన పని. గాలికి దోమలు కొట్టుకొనిపోవునని పంకా వేయనీయలేదు. చేతి చెమటకు, నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. ఆనాడు, రెక్కలమీద మచ్చలుగల యొక జాతి దోమ కడుపుగోడలో, నల్లని రేణువులు గల కణములు కనబడెను. అట్టి రేణువులే మలేరియా రోగుల రక్తములోని పరాన్నజీవిలో నుండునని, దానిని 1880లో అల్జీరియాలో మొదట కనుగొనిన ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ వలన లోకమునకు తెలిసియుండెను. దోమకును ఆ వ్యాధికిని సంబంధము కలదేమో యని లండనులోని పాట్రిక్ మాన్సన్ 1894లో నూహించెను. ఆ యూహకు మొదటి సాక్ష్యము మన యూర దొరకెను. మఱుసటి సంవత్సరము రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, దోమకాటుతోనే వ్యాధి యొక ప్రాణినుండి మఱియొక ప్రాణికి సోకునని నిరూపించెను. మనుష్యులకు సోకించునది అనాఫిలిస్ జాతి దోమయే యని అదే సంవత్సరము ఇటలీలో గ్రాస్సియు, ఆయన సహచరులును చూపిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. హుస్సేన్ ఖాన్‌కు వచ్చినవి అణాలు.

ఇప్పుడు ఇరువదియైదుగురు విద్యార్థుల జట్టు, ముగ్గురు ఉపాధ్యాయులు ననుకొనుడు. ఒకరు జంతుశాస్త్రము చెప్పువారు, ఒకరు చరిత్ర చెప్పువారు, ఒకరు ఇంగ్లీషు చెప్పువారు. సెమిస్టరు పొడవున ముగ్గురికిని మలేరియాయే విషయము. జంతుశాస్త్రపు గదిలో దోమ జీవితచరిత్రయు, పరాన్నజీవి జీవితచరిత్రయు నడచుచుండగా, చరిత్ర గదిలో వేఱొక ప్రశ్న లేచును: అంతమంది తెల్లసైనికులకు హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున నేమి పని? 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో చేసికొనిన సైన్యసహాయపు సంధి, 1806లో సికందర్ జా పేరిట ఈ దండు బస్తీకి పేరు పెట్టుట, దండు వచ్చినచోట నీటి యవసరము, నీరు నిలిచినచోట దోమ — ఇట్లు చరిత్ర వచ్చి జంతుశాస్త్రముతో కలియును. హుస్సేన్ ఖాన్ అణాలను గూర్చి ఇంగ్లీషు ఉపాధ్యాయుడు వ్యాసము వ్రాయుమనును. రోగికి డబ్బిచ్చి దోమచే కుట్టించుట న్యాయమా? అణా చాలునా? అత డెందులకు ఒప్పుకొనెను? దీనికి చరిత్ర తెలియవలెను, వ్యాధి సంగతి తెలియవలెను, ఆపై ఇంగ్లీషు వాక్యము వ్రాయ తెలియవలెను. ఆ వ్యాసమును ముగ్గురును దిద్దుదురు. జంతుశాస్త్రములో తప్పున్నను మార్కు తగ్గును, వాక్యములో తప్పున్నను తగ్గును.

రసాయనశాస్త్రమువారు కూడ ఈ జట్టులో చేరినచో వారికిని చోటు కలదు. దక్షిణ అమెరికా కొండలలోని సింకోనా చెట్టు బెరడును ఐరోపాకు తెచ్చి ప్రచారము చేసినవారిలో జెస్యూట్ ఫాదరులు ముఖ్యులు. దానిని చాలకాలము జెస్యూట్ బెరడనియే పిలిచిరి. ఆ బెరడునుండి 1820లో పెల్లెటియే, కావెంటూ అను నిరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్వినైనును వేఱుచేసిరి. గణితమువారికి చోటు లేదని తలపకుడు. దోమల నన్నిటిని నిర్మూలింప నవసరములేదనియు, వాని సంఖ్యను ఒక మేరకు దిగువకు తగ్గించినచో వ్యాధి తనంతట తానే సన్నగిల్లుననియు లెక్కలు కట్టి చూపినవాడును ఈ రాసే. మలేరియా నివారణమును గూర్చిన ఆయన గ్రంథము 1910లో వెలువడెను. మన పిల్లలు "ఈ సమీకరణములు దేనికి పనికివచ్చును సార్?" అని యడిగినపుడెల్ల మాకు ఈ సంగతి జ్ఞాపకము వచ్చును.

ఇంతవరకు చెప్పినది విషయములు కలియుట. మనుష్యులు కలియుట ఇంకను చెప్పలేదు. మేము ముఖ్యమని తలచునది అదియే.

వానకాలమున మన నగరములో డెంగీ వచ్చుచున్నది. దానిని వ్యాపింపజేయు దోమ వేఱు. అది పగటివేళ కుట్టును. ఇంటి తొట్టెలలో, కూలరులలో, మేడమీద పడవేసిన టైర్లలో నిలిచిన మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. మన జట్టు విద్యార్థులు ఇరువదియైదుగురు ఇరువదియైదు వీధులవారు. ప్రతివారును తమ వీధిలో పది యిండ్లకు పోయి, ఎన్ని పాత్రలలో నీరు నిలిచినదో, వానిలో నెన్నింట దోమపిల్ల లున్నవో లెక్కించి తేవలెనని యుపాధ్యాయులు నియమింతురు. మారేడుపల్లి లెక్క యొకనిది, బోయిన్‌పల్లి లెక్క యొకతెది, చిలకలగూడ లెక్క వేఱొకనిది. ఇరువదియైదు లెక్కలును వచ్చినగాని పట్టిక పూర్తికాదు. పట్టిక పూర్తియైనగాని వ్యాసము వ్రాయుటకు వీలులేదు. ఇట్టిచోట చిలకలగూడ పిల్లవాడు రెండు దినములు రాకపోయినచో నేమగును? ఇరువదినలుగురు వాని యింటికి పోయి తలుపు తట్టుదురు. వానిమీద ప్రేమచేత నని మేము చెప్పము. వాని లెక్క కావలెను గనుక. ఆ తట్టుటచేతనే వాని పేరు అందఱికి తెలియును. వాని తండ్రికి జ్వరమని తెలియును. ఆటోలో వానిని తీసికొనివచ్చుట కొకడు ముందుకు వచ్చును. సాధారణపు తరగతిలో ఒకడు రాకపోయినచో ఉపాధ్యాయుని పుస్తకములో నొక గీత మాత్రమే పడును.

ఈ పద్ధతి మొలకెత్తిన విధమును కొంచెము చెప్పుదుము. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1927లో అలెగ్జాండర్ మైకిల్‌జాన్ అను విద్వాంసుడు ఎక్స్‌పెరిమెంటల్ కాలేజి యను పేర నొక ప్రయోగమును ప్రారంభించెను. అందు విషయముల విభాగము లేదు. మొదటి సంవత్సరమెల్ల ప్రాచీన ఏథెన్సు నగరమును, రెండవ సంవత్సరమెల్ల ఆధునిక అమెరికాను చదువుదురు. ఆ నడుమ ప్రతి విద్యార్థియు తన స్వంత ప్రాంతమును గూర్చి స్వయముగా పరిశోధించి వ్రాయవలెను. ఈ చివరి నియమము మాకు మిక్కిలి నచ్చినది. ఏథెన్సును చూచిన కంటితో తన యూరిని చూడుమన్నట్లున్నది. ఆ కళాశాల అయిదేండ్లే నడచి 1932లో మూతపడెను. ఆర్థికమాంద్యమును, విద్యార్థులు తగ్గుటయు, తక్కిన యుపాధ్యాయుల వైముఖ్యమును కలిసి దానిని ముంచినవి. అయినను విత్తనము చావలేదు. 1965 మొదలు 1969 వఱకు బర్క్లీలో జోసెఫ్ టస్మన్ దానిని మరల నాటెను. 1971లో వాషింగ్టన్ రాష్ట్రములో ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజి తలుపులు తెఱచినపుడు ఇదియే దాని ప్రధానపద్ధతి యయ్యెను. న్యూయార్కులోని లగార్డియా కమ్యూనిటీ కాలేజి వంటివి, కూలినాలి చేసికొనువారి బిడ్డలును, పరదేశములనుండి వచ్చి చేరినవారును చదువుకొనునట్టివి, కోర్సులను జంటలుగాను మూడేసిగాను కట్టుట ప్రారంభించెను.

ఇది విదేశపు సరకని తలచువారికి రెండు సంగతులు జ్ఞాపకము చేయుదుము. 1920 ప్రాంతమున పంజాబులోని మోగాలో ప్రెస్బిటేరియన్ మిషనువారి పాఠశాలలో విలియం మెక్కీ దొరగారు, ఇల్లు, పొలము వంటి యొక పనిని నడుమ నుంచి, దాని చుట్టును లెక్కలు, చదువు, వ్రాత అల్లి పల్లె పిల్లలకు నేర్పిరి. మిషను పాఠశాలల చరిత్రలో అది యొక గొప్ప పేరు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారి యధ్యక్షతను జరిగిన విద్యాసభ నియమించిన సంఘమునకు నాయకుడు డాక్టరు జాకీర్ హుస్సేన్‌గారు. ఆయన జన్మస్థానము మన హైదరాబాదు. జన్మసంవత్సరము, రాస్ దోమను కోసిన ఆ 1897వ సంవత్సరమే. ఆ సంఘమువారు నూలు వడకుట వంటి చేతిపనిని కేంద్రముగా నుంచి తక్కిన విద్యలను దానితో ముడివేయవలెనని ప్రణాళిక వ్రాసిరి. ప్రత్తి యెచ్చట పండునన్నది భూగోళము, నూలు ఎన్ని గజములన్నది గణితము, మన నేతపని యెట్లు చెడెనన్నది చరిత్ర. ఆలోచన చక్కనిది. ఆచరణలో నేమయ్యెను? చాల బడులలో తకిలీ మిగిలెను, ముడి యూడెను. ముడివేయు విద్య యుపాధ్యాయునికే రానపుడు పిల్లలకు మిగులునది దారమే. శిక్షణ కళాశాలలలో దీనిని గూర్చి యొక పాఠమున్నది. పరీక్షలో వ్రాసి బయటికి వచ్చినవారే గాని, తరగతిలో ప్రయోగించినవారు అరుదు.

అయితే ఇందువలన నిజముగా మేలు కలుగునా? న్యాయముగా చెప్పవలసిన ప్రశ్న గనుక రెండు ప్రక్కలను చెప్పుదుము. సిరక్యూస్ విశ్వవిద్యాలయపు విన్సెంట్ టింటో అను నాచార్యుడు, విద్యార్థులు కళాశాలల నెందుకు విడిచిపోవుదురో జీవితమంతయు పరిశోధించినవాడు. సియాటిల్ సెంట్రల్ కమ్యూనిటీ కాలేజిలో ఈ విధముగా చదివిన విద్యార్థులను పరిశీలించి 1997లో వ్రాసిన వ్యాసములో, వారు తరగతి ముగిసిన తరువాతను కలిసి చదువుచుండిరనియు, మఱుసటి టెరములకు తిరిగివచ్చినవారు వారిలో నెక్కువమంది యనియు చూపెను. స్నేహమా, చదువా యని రెంటిలో నొకదానిని వదలుకొనవలసిన యవస్థ వారికి లేకపోయెను. ఇంతవఱకు శుభవార్త.

న్యూయార్కులోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజిలో 2003లో మొదలైన పరీక్ష ఇంకను కఠినమైనది. క్రొత్తగా చేరిన 1,500 మందికి పైగా విద్యార్థులను చీట్లు వేసినట్లుగా రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారు ఇరువదియైదుగురికి మించని జట్లుగా మొదటి సెమిస్టరున మూడు కోర్సులను కలిసి చదివిరి. అందొకటి ఇంగ్లీషు, ఒకటి ఆరోగ్యశాస్త్రము వంటి వేఱొక విషయము, ఒకటి కళాశాల జీవితమునకు అలవాటుపఱచునది. పుస్తకములు కొనుటకు సాయమును, అదనపు శిక్షణయు వారికి దొరకెను. వారు ఆ సెమిస్టరున ఎక్కువ కోర్సులు ఉత్తీర్ణులైరి. ఇంగ్లీషు గండమును త్వరగా దాటిరి. కాని ముడి విప్పిన తరువాతి సెమిస్టరులలో ఆ మేలు చాలవఱకు పలుచబడెను. తరువాత ఆఱు కళాశాలలలో ఇట్టి పరీక్షయే చేయగా, సగటున కలిగిన లాభము స్వల్పమని తేలెను. కొన్నిచోట్ల విద్యార్థులను ఒకచోట కూర్చుండబెట్టిరే గాని, బోధకులు కూర్చుండి మాటలాడుకొనలేదు. మా తీర్పేమనగా, మనుష్యులను కట్టి విషయములను కట్టకపోయిన నది వట్టి హాజరుపట్టీ. ఒక సెమిస్టరు కట్టి విడిచిన నది ఒక సెమిస్టరు ఫలమే యిచ్చును. అయినను మొదటి యాఱుమాసములే మన పిల్లలు జారిపోవు మెట్టు. ఆ మెట్టుకడ చేయి పట్టుకొన్న చాలును, తరువాత నడువగలవారు పెక్కుమంది కలరు.

మన తెలంగాణ కళాశాలల సంగతి చూతము. 2016-17 విద్యాసంవత్సరమునుండి డిగ్రీలో సెమిస్టరులును, కోరిన విషయము నెన్నుకొను క్రెడిట్ పద్ధతియు వచ్చినవి. దోస్త్ అను నంతర్జాల ప్రవేశమును 2016లోనే మొదలయ్యెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము అనేకశాస్త్రములను కలిపి చదువవలెనని చెప్పుచున్నది. ఇవన్నియు మంచివే. పూర్వము బి.ఎస్‌సి. విద్యార్థి చరిత్ర ముఖము చూచుట దుర్లభము, ఇప్పుడు చూడవచ్చును. కాని ఎన్నుకొనుట వేఱు, కూర్చుట వేఱు. అంగడిలో పది రకముల పూలు దొరకుట మేలే. దండ మాత్రము ఎవరో కూర్చుండి కట్టవలెను. ఎన్నిక పెరిగినకొలది ఒక గంట యొక జట్టుతో, మఱుగంట వేఱొక జట్టుతో కూర్చుండవలసివచ్చి, తోడు తగ్గు ప్రమాదము కూడ కలదు. దీనిని కళాశాలల పెద్దలు గమనింపవలెనని మా మనవి. ఇందుకు క్రొత్త భవనము వలదు. కాలపట్టికలో మూడు గదులకు ఒకే జట్టును వేయుటయు, ముగ్గురు ఉపాధ్యాయులకు వారమునకొక గంట విడిచిపెట్టుటయు చాలును. ఆ గంట విడిచిపెట్టుటయే కష్టమని మాకు తెలియును.

పెద్దలు చేయువఱకు పిల్లలు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కఱలేదు. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మీరు బైబిలు తరగతిలో చదివినపుడు, పేర్ల పట్టిక యని విసుగుకొనియుందురు. మరల చదువుడు. యెరూషలేము ప్రాకారమును కట్టినపుడు కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు, ఒక యధిపతి కుమార్తెలు కూడ, తమతమ భాగములు కట్టిరి. అనేకులు తమ యింటికి ఎదురుగానున్న భాగమునే కట్టిరి. ఒకరి భాగము ముగిసినచోట ప్రక్కవారి భాగము మొదలగును. ఏబది రెండు దినములలో గోడ పూర్తియయ్యెను.

ఇంటర్మీడియెటులో గాని డిగ్రీలో గాని చేరిన మొదటి మాసముననే నలుగురైదుగురు జట్టు కట్టుడు. అందఱును మన పాఠశాలవారే, ఒకే మందిరమువారే కావలెనని పట్టుపట్టకుడు. అది జట్టు కాదు, కోట యగును. వేఱొక బడినుండి, పల్లెనుండి వచ్చి హాస్టలులో నొంటరిగా నున్న వానిని ఒకనినైనను చేర్చుకొనుడు. స్నేహితుడు తీసికొనెనని తనకు రాని గ్రూపును తీసికొనుట మాత్రము అవివేకము. దోస్త్‌లో సీటు మార్కులనుబట్టి వచ్చును, స్నేహమునుబట్టి రాదు. కనుక మొదట మీకు తగిన విషయమును, తరువాత అచ్చట దొరకిన తోటివారిని ఎన్నుకొనుడు. రోజంతయు నొకరి ముఖమొకరు చూచుకొనువారికి తగవులు కూడ వచ్చును. అందులకు భయపడనక్కఱలేదు గాని, పని చేయక పేరు మాత్రము వ్రాయించుకొనువానిని రెండవ వారముననే నిలదీయుడు; పరీక్షల ముందు నిలదీసిన లాభములేదు.

ఒక విషయమును ఆఱుమాసములకు నిర్ణయించుకొనుడు. మలేరియాయే కానక్కఱలేదు. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు వచ్చిన రైలుమార్గము ఒక విషయము. ఉష్ణశక్తి చదువువానికి ఆవిరియంత్రము, కామర్సు చదువువానికి ప్రత్తి బేళ్ల కిరాయి, చరిత్రవానికి నిజాముయొక్క ఋణములు అందు దొరకును. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద యొక విషయము. విశ్వేశ్వరయ్యగారి సలహా, 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగర్, నేటి మూసీ నీటి రసాయనము. మెదకు దేవాలయము ఇంకొకటి. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన ఆ మహామందిరము కఱవుకాలమున పనిలేని పేదలకు కూలి యిచ్చుచు కట్టబడినది; పోస్నెట్ దొరగారి భక్తితోపాటు కూలిరేట్లను, ధాన్యపు ధరలను, రాతి బరువును, వంపుల గణితమును కూడ అచ్చట చదువవచ్చును. మెదకునకు బస్సులో పోయి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. పుస్తకములకు అఫ్జల్‌గంజులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు; 1891లో ఆసఫియా గ్రంథాలయముగా స్థాపింపబడినది. అచ్చటి బల్లలమీద నలుగురు ఎదురెదురుగా కూర్చుండుటకు వీలగును, మెల్లగా మాటలాడుకొనవలెను.

జట్టునంతకును ఒకే నోటుపుస్తకము పెట్టుకొనుడు. ఎడమపుటలో ఆ వారము ప్రతి తరగతిలో మీ విషయమునకు సంబంధించి వినిన మాట నొకటి, ఎవరు వినిరో వారి పేరుతో వ్రాయుడు. కుడిపుటలో ఆ మాటపై మీకు కలిగిన ప్రశ్నను వ్రాసి, ఆ ప్రశ్నను వేఱొక విషయపు లెక్చరరుగారి నడుగుడు. చరిత్రలో పుట్టిన ప్రశ్నను రసాయనమువారి నడిగినపుడు, వారు మొదట ఆశ్చర్యపడి, తరువాత కుర్చీ చూపి కూర్చుండుమందురు. మీ పేరును అడుగుదురు. పుస్తకమును వారమున కొకరు ఇంటికి తీసికొనిపోవలెను. ఎవరి వారములో పుటలు ఖాళీగా నుండునో వారి యింటికి తక్కినవారు పోవలెను.

అట్టి పుస్తకమును ఒక సెమిస్టరు పూర్తిగా నడపిన జట్టువారు దసరా సెలవులలోనో, క్రిస్మసు సెలవులలోనో దానిని మా కొకసారి చూపవలెనని కోరుచున్నాము. అందలి కొన్ని పుటలను రాబోవు సంచికలో ప్రకటించుటకు సంపాదకులు సమ్మతించినారు.